గండుచీమ

పెరంబూరు బ్యారక్స్ రోడ్డు మలుపులో
ఆరూ యాభైకి మొదటి హారన్.
స్టీరింగు దగ్గర మా ఆయన దశరథం,
తలుపు దగ్గర నేను.
బండికి నువ్వే వెనకద్దం అంటాడు.
జీతం మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే.

పద్నాలుగు మంది పిలకాయలు.
పేర్లు తడబడతాను గానీ దగ్గులు తడబడను.
యాళినిది పొడి దగ్గు, తడిసిన అగ్గిపుల్ల గీసినట్టు.
అఫ్రీన్ దగ్గితే టిఫిన్ డబ్బా మూత అదురుతుంది.
రిత్విక్ దగ్గడు. వచ్చిన దగ్గుని మింగేస్తాడు,
ఇంటికి పంపేస్తారని.

ఒక్కోరోజు వాడి చొక్కా మీద
నారింజపండు సిరప్పు వాసన.
జ్వరాన్ని పొద్దున్నే అణగ్గొట్టి
వాళ్ళమ్మ వాణ్ణి నా చేతికిస్తుంది,
నా కళ్ళలోకి చూడకుండా.
ఆమెని ఏమనను?
ఆమెకి మిగిలిన సెలవు ఒకటిన్నర రోజు.
జ్వరానికి ఆ లెక్క తెలీదు.

పోయిన ఐప్పసి వానల్లో
గణేశపురం సబ్‌వే నిండా నీళ్ళు.
బండి కదల్లేదు. కిటికీలన్నీ బిగించేశాం.
నలభై నిమిషాల సేపు
పద్నాలుగు మంది వదిలిన ఊపిరినే
పద్నాలుగు మందీ పీల్చుకున్నారు.
సోమవారం తొమ్మిది మంది ఎక్కారు.
బుధవారం అయిదుగురు.
శుక్రవారం దశరథం అద్దంలో ఖాళీ సీట్లు చూసి
రేడియో కట్టేశాడు.
ఎల్‌కేజీ మెర్లిన్ ఆసుపత్రి నుంచి
పన్నెండో రోజుకి గానీ రాలేదు.
ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే
బ్యాగు బరువే తెలిసింది, పిల్ల బరువు తెలీలేదు.

ఈ ఏడు బడిలో కాగితాలిచ్చారు.
ఫ్లూ సూది, అమ్మానాన్నల సంతకం కావాలి.
వాటితోపాటు అనుమానాలూ నా సంచిలోకే వచ్చి పడ్డాయి.
"వేయిస్తే దానివల్లే జ్వరం వస్తుందంట కదా ఆయమ్మా?"
"పోయినేడు వేయించాంగా, మళ్ళీనా?"
బడి నర్సమ్మ నాకెట్టా చెప్పిందో అట్టాగే చెప్పాను:
"అది ఏటేటా వేషం మారుస్తుంది సారూ.
పాత ఫోటో పట్టుకొని కొత్త దొంగని వెతుకుతామా?"

రిత్విక్ వాళ్ళమ్మ పెన్ను మూత తీసి ఆగింది.
"మరి నువ్వు వేయించుకున్నావా?"

కాగితంలో వెతికాను.
విద్యార్థులు. ఉపాధ్యాయులు. ఆఫీసు సిబ్బంది.
తలుపు దగ్గర నిలబడే మనిషికి గడి లేదు.
పద్నాలుగు ముక్కులు తుడిచే కొంగుకి గడి లేదు.

ఆదివారం ఇద్దరం క్లినిక్కుకి పోయాం.
రెండు సూదులకి అయిన ఖర్చు
నాలుగు రోజుల డీజిల్.
లారీలకి జంకని మనిషి దశరథం
గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.
నాకు రెండు రోజులు భుజం సలిపింది,
బిందె రెండో చేత్తో ఎత్తాను.
"పని చెయ్యడానికి రెండు వారాలు పడుతుంది," అంది డాక్టరమ్మ.
"అయినా రావచ్చు. వచ్చినా ఇంత మొండికెయ్యదు."
ఆ 'రావచ్చు' అన్నందుకే ఆమెని నమ్మాను.

మంగళవారం కిటికీలు రెండేసి వేళ్ళు తెరిచి పెట్టాం.
జల్లు కొడితే కొట్టనీ.
సీసా ఎవరిది వాళ్ళే తాగాలి,
దగ్గొస్తే మోచేతిలోకి.
రోజూ చెప్పేవే, రోజూ మరిచేవే.

రిత్విక్ నా పక్కకి జరిగాడు.
"ఊసి నొప్పేస్తుందా ఆయమ్మా?"
"చీమ కుట్టినట్టుంటుంది నాయనా."
"ఏ చీమ? చలిచీమా, గండుచీమా?"

ఇదివరకైతే చలిచీమ అనేసేదాన్ని.
రవిక చెయ్యి మీద నొక్కి చూసుకున్నాను.
ఇంకా పచ్చిగానే ఉంది.

"గండుచీమే," అన్నాను. "కానీ ఒక్కటే."

వాడు సబ్‌వే దాటేదాకా ఆలోచించాడు.
తర్వాత మోచెయ్యి మడిచి
మొదటిసారి మింగకుండా
అందులోకి దగ్గాడు.

వాడి పక్క కిటికీ
ఇంకో వేలు తెరిచాను.